దాచేవాళ్ల ధర్మం

దాచడం మన ఆడవాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. పోపులపెట్టెలో జీలకర్ర గిన్నె కింద మడతపెట్టిన నోటు, బియ్యం డబ్బా అడుగున చిన్న మూట, పట్టుచీర మడతల్లో పుట్టింటివాళ్లు చేతిలో పెట్టిన డబ్బు - ఇవి లేని ఇల్లు ఉంటుందా? మా అమ్మ అయితే తాను దాచిన చోటు తానే మరిచిపోయి ఇల్లంతా గాలించేది. అది చూసి మేం నవ్వేవాళ్లం.

కానీ చంటిపిల్లల దాగుడుమూతలు ఎప్పుడైనా గమనించారా? పిల్ల మంచం కింద దూరి ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. రెండు నిమిషాలు గడిచినా ఎవరూ వెతుక్కుంటూ రాకపోతే తానే చిన్నగా దగ్గుతుంది! ఎవరికీ దొరక్కూడదని దాచుకోవడం ఒకటి, ఎవరికో ఒకరికి దొరకాలని దాచడం మరొకటి. పైకి చూడ్డానికి రెండూ ఒకటే. లోపల మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. ఈ తేడా నాకు మొన్న వేసవిలో టేకులపల్లిలో తెలిసొచ్చింది.

టేకులపల్లి మా తమ్ముడి ఊరు. ఇల్లెందు నుంచి కొత్తగూడెం వెళ్లే దారిలో, అడవిని ఆనుకుని ఉంటుంది. అసలు ఆ ప్రాంతమే దాగిన వస్తువులకు పుట్టిల్లు. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టేదాకా, కాళ్ల కింద అంత నిధి ఉందని లోకానికి తెలియదు. ఇంకొంచెం ముందుకు వెళ్తే భద్రాచలం. అక్కడ పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి పుట్టలో ఉన్న రాముడి విగ్రహాలు దొరికాయని స్థలపురాణం. దాగినవాడే ఆమెకు కలలో కనిపించి ఆనవాలు చెప్పాడట. చూశారా, దేవుడికి కూడా ఎవరో ఒకరు తనను వెతికి పట్టుకోవాలనే ఉంటుంది కాబోలు!

సరే, అసలు సంగతికి వస్తాను. మా మేనల్లుడు కాలేజీలో చదువుతున్నాడు. వచ్చిన రోజు సాయంత్రమే నా పక్కన చేరి, "అత్తయ్యా, నువ్వు గళ్లనుడికట్టు తప్పుల్లేకుండా నింపుతావు కదా. నాకో గట్టి చిక్కుప్రశ్న కట్టిపెట్టాలి. మా ఫ్రెండ్స్ తలలు పట్టుకోవాలి" అన్నాడు. ఎందుకురా అంటే వాళ్లు ఆడే ఆట గురించి చెప్పాడు. దాని పేరు జియోకాషింగ్.

ఆకాశంలో తిరిగే అమెరికావారి ఉపగ్రహాలు మనం భూమ్మీద ఎక్కడున్నామో చెబుతాయి గదా. మొదట్లో మామూలు జనానికి అవి కావాలనే కొంచెం తప్పు చూపించేవట. 2000 మే మొదట్లో ఆ తప్పును తీసేశారు. వెంటనే, మే 3న, ఆరిగన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బక్కెట్టులో కొన్ని వస్తువులు, ఒక పుస్తకం, పెన్సిలు పెట్టి అడవిలో దాచి, ఆ చోటు అంకెలు అందరికీ ప్రకటించాడు. వెతికి పట్టుకున్నవాళ్లు పుస్తకంలో పేరు రాయాలి. ఏదైనా వస్తువు తీసుకుంటే బదులుగా మరొకటి పెట్టాలి. ఆ బక్కెట్టులో చిక్కుడుగింజల డబ్బా కూడా ఉందట! ఇప్పుడు ఆ ఆట ప్రపంచమంతా పాకింది. అందులో ఒక రకం ఉంది. చోటు అంకెలు నేరుగా చెప్పరు, చిక్కుప్రశ్న విప్పితేనే తెలుస్తాయి. ప్రతి దానికీ ఒకటి నుంచి అయిదు దాకా కష్టం ఎంతో కూడా వేస్తారు. మావాడికి అయిదు కావాలి.

చెప్పొద్దూ, నాకు సరదా పుట్టింది. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులే గళ్లలో మాటలు బిగించి పాఠకులను తికమక పెట్టినప్పుడు నేను పెట్టకూడదా? మన పూర్వులు శాసనాల్లో, పద్యాల్లో సంవత్సరాలను అంకెలతో కాక మాటలతో చెప్పేవారు. చంద్రుడు అంటే ఒకటి, కన్ను అంటే రెండు, వేదం అంటే నాలుగు, ఏనుగు అంటే ఎనిమిది, ఆకాశం అంటే సున్నా. పైగా ఆ అంకెలను చివరి నుంచి మొదటికి చదువుకోవాలి. మావాడి చోటుకు 17, 80 డిగ్రీలన్నది ఎలాగూ అందరికీ తెలిసిందే. దాచాల్సింది చివరి అంకెలు. తూర్పు వైపు లెక్కలో చివర 842 వచ్చింది. నేను 'కన్ను, వేదం, ఏనుగు' అని రాశాను. తెలియనివాడు 248 అనుకుంటాడు. తెలిసినవాడు తిరగేసి 842 చదువుతాడు. తిరగెయ్యాలన్న మాట మాత్రం ఎక్కడా చెప్పలేదు. రాత్రి ఆ కాగితం చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున మా మరదలు వంటింట్లో తీరికగా కూర్చుని ఉంటే కాగితం ఆమె చేతికిచ్చాను. చూద్దాం, ఎంతసేపు పడుతుందో అని. ఆమె ఏడో తరగతితో చదువు ఆపేసింది. కానీ సంతలో ఆమెను మోసం చేసే కొట్టువాడు ఇంకా పుట్టలేదు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. పొయ్యి మీద పాలు పొంగినా చూసుకోలేదు. చివరకు కాగితం నా చేతిలో పెట్టి, "నాకేం తెలుస్తది వదినా, చదువుకున్నదాన్నా ఏమన్నానా" అని లేచి వెళ్లిపోయింది.

నిజం చెబుతున్నాను. ఆ క్షణంలో మొదట నాకు కలిగింది సంతోషం. చూశావా, ఎంత గట్టిగా కట్టానో అని. మరుక్షణం ఆమె వెనక్కి తిరిగి పాలగిన్నె కడుగుతుంటే చూశాను. మనసు చివుక్కుమంది.

ఎందుకంటే ఆ ముఖం నాకు బాగా తెలుసు. పాతికేళ్ల కిందట అద్దంలో చూసిన ముఖమే అది. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో మా అత్తగారి ఆవకాయకు ఊరంతా పేరు. కొలత అడిగితే, "దానికేముందమ్మా, చేతికొచ్చినంత" అనేవారు. నేను కలిపితే ఏదో ఒకటి తగ్గేది. అందరూ రుచి చూసి నవ్వేవారు. ఆవిడ కూడా నవ్వేవారు. ఆవగుండ ఎంత వేసేదీ ఆవిడ ఎన్నడూ నోరు విప్పి చెప్పలేదు. ఆ రహస్యం ఆవిడ గొప్పను కాపాడింది, నా చేతకానితనాన్ని పదిమందిలో పెట్టింది. ఇప్పుడు నేను చేసింది మాత్రం ఏమిటి? అదే గదా!

దాదాపు పదమూడు వందల ఏళ్ల కిందటి దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికల గురించి, అంటే చిక్కుప్రశ్నల గురించి, ఒక మాట చెప్పాడు. వాటి ఉపయోగాలు మూడట. తెలిసినవాళ్లు నలుగురు కూర్చుని వినోదించడం మొదటిది. పదిమంది మధ్య రహస్యంగా మాట్లాడుకోవడం రెండోది. ఎదుటివాడిని తికమక పెట్టడం మూడోది. మంచి ప్రహేళికలు పదహారు రకాలని లెక్క చెబుతూ, పూర్వులు చెడ్డవి పద్నాలుగు ఉన్నాయన్నారని కూడా అన్నాడు. అంత ముచ్చటైన ఆటలోనూ చెడ్డవి ఉంటాయని పెద్దవాళ్లు ఆనాడే గుర్తించారన్న మాట. నేను మొదటి ఉపయోగం కోసం కూర్చుని, తెలియకుండానే మూడోదానికి జారిపోయాను.

భారతంలో యక్షుడు ధర్మరాజును అడిగిన ప్రశ్నలు తలుచుకోండి. అంతకంటే కష్టమైన ప్రశ్నలు ఎవరు అడిగారు? కానీ అడిగినవాడు చివరకు యమధర్మరాజే, తండ్రే. కొడుకు ఓడిపోవాలని అడగలేదు. నెగ్గితే చూసి ఆనందించాలని అడిగాడు. ప్రశ్న కష్టమా తేలికా అన్నది కాదండీ అసలు సంగతి. అడిగేవాడు ఎవరి పక్షాన ఉన్నాడన్నది సంగతి. జవాబు తెలిశాక వెతికినవాళ్లు "అయ్యో, ఇంతేనా, కళ్లెదుటే ఉందే!" అని తమ నెత్తి తాము కొట్టుకుని నవ్వాలి. "ఇదెలా తెలుస్తుంది ఎవరికైనా?" అని మనల్ని కోపంగా చూశారంటే మనం కట్టింది చిక్కుముడి కాదు, తవ్వింది గొయ్యి.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా తమ్ముడు ఇంకో సంగతి అడిగాడు. "అది సరే అక్కా, చదవడం తప్పి 248 దగ్గరికి పోయినవాడు ఎక్కడికి చేరతాడు?" లెక్క చూస్తే పడమటగా దాదాపు ఒక కిలోమీటరు అవతలికి. అంటే నేరుగా అడవిలోకి! వేసవి పొద్దున చీకటితోనే ఆడవాళ్లు తునికాకు కోతకు వెళ్తారు. ఆకులు యాభై యాభై కట్టలు కట్టి అమ్ముకుంటే ఇంట్లో నాలుగు డబ్బులు కనిపిస్తాయి. వాళ్ల మధ్యకు తెలియని కుర్రాళ్లు వెళ్లి చెట్టు చెట్టూ తడుముతూ తిరిగితే ఏమనుకుంటారు? "డబ్బా కూడా స్టీలుది వద్దురా" అన్నాడు కొడుకుతో. "ఈ అడవుల్లో తుపాకులు తిరిగిన రోజులున్నాయి. దారి పక్క టిఫిన్ డబ్బా కనిపిస్తే జనం ఇప్పటికీ దూరం జరిగి పోతారు."

నేను ఆ వైపు ఆలోచించనే లేదు. దాచేవాడు, వెతికేవాడు ఇద్దరే ఉన్నారనుకుని ఆట మొదలుపెడతాం. మూడోవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆట వాళ్లది కాదు, చోటు మాత్రం వాళ్లది. గుప్తనిధుల పేరు చెప్పి పాత గుళ్లలో విగ్రహాలు పెకలించి, నంది కింద తవ్విపోసేవాళ్ల సంగతి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. భూమిలో దొరికిన పాత నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉన్నా వాళ్లకు పట్టదు. వెతుకులాట ముచ్చట ఊరికి చేటు కాకూడదు.

మర్నాడు ముగ్గురం కూర్చుని మళ్లీ కట్టాం. ఈసారి మరదలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అంకెలు మారలేదు, వాటికి కట్టిన చీర మారింది. కన్ను అలాగే ఉంది. వేదం తీసేసి 'కుంచానికి మానికలు' అన్నాం, ఏనుగు తీసేసి 'మణుగుకు వీశెలు' అన్నాం. నాలుగు, ఎనిమిది అని మరదలు తడుముకోకుండా చెప్పింది. వాళ్ల అమ్మ కొలిచేటప్పుడు విన్న లెక్కలట. తిరగేసి చదవాలన్నదానికి ఆమే ఒక వాక్యం చెప్పింది: "సంత నుంచి వచ్చిన అవ్వ లెక్క చివరి నుంచి మొదలుకు అప్పజెప్పింది." అంతకంటే చక్కని ఆనవాలు నాకు తట్టేది కాదు. లోపలున్నది కనిపించే గాజు సీసా తెచ్చి, 'ఇది ఆట కోసం పెట్టింది, భయం లేదు' అని తెలుగులో చీటీ అంటించి, అడవి జోలికి పోకుండా తమ్ముడి మామిడితోటలోనే చెట్టు తొర్రలో పెట్టాం. తవ్వే పని లేదు.

ఒక ఆదివారం మావాడి స్నేహితులు నలుగురు వచ్చారు. మానిక అంటే ఏమిటో నలుగురికీ తెలియదు! తలలు పట్టుకున్నమాట నిజమే. తర్వాత ఒకడు వాళ్ల అమ్మమ్మకు ఫోను చేశాడు. ఆవిడ మానికతో ఆపిందా? సోల, తవ్వ, అడ్డ, కుంచం, తన పెళ్లికి ఎన్ని పుట్ల ధాన్యం అమ్మారో దాకా వెళ్లింది. అరగంట పట్టింది. సీసా దొరికాక నలుగురూ నెత్తి కొట్టుకుని నవ్వారు. మరదలు మజ్జిగ ఇస్తూ, "ఇంత చిన్న లెక్క తెలియదా బాబూ" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆ పూట ఇంట్లో అందరికంటే ఎత్తుగా నిలబడింది ఆమే.

ఇదంతా జరుగుతుంటే నాకు అమ్మే గుర్తొచ్చింది. ఆవిడ పోయాక 2018లో పాత పరుపు విప్పదీస్తే లోపల గుడ్డసంచి దొరికింది. పాత అయిదువందల నోట్లు పదకొండు. పైన మనవరాలి పేరు రాసిన చీటీ. ఆ నోట్లు 2016 నవంబరులోనే రద్దయిపోయాయి. బ్యాంకులో వేసుకునే గడువు కూడా ఆ ఏడాది చివరితో పోయింది. ఆవిడ దాచింది మనవరాలికి దొరకాలనే. కానీ ఒక్క ఆనవాలైనా ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల నోట్లను పక్కన పెట్టి చీటీ మాత్రం తీసుకుంది. ఇప్పటికీ పర్సులో ఉంది.

ఊరి నుంచి రాగానే మా కోడలిని పిలిచి ఆవకాయ కొలతలన్నీ రాసిచ్చాను. ఆవగుండ ఎంతో అన్నిటికంటే పైన రాశాను. నూనె దగ్గర మాత్రం కలం ఆగింది. అది రాసిస్తే వచ్చేది కాదు. ముక్క ఎంత పీలుస్తుందో మూడో రోజు జాడీ మూత తీసి చూసి తానే తెలుసుకోవాలి. ఆ సంగతి కూడా దాచకుండా కిందే రాసిపెట్టాను.