పొట్ట చిన్నదైంది, మరి ఆకలి?

ఈసారి పురాణ కథ కంటే ముందు నా పొట్ట కథ చెప్పాలి. ఏమీ అనుకోకండి, రెండూ ఒకచోట కలుస్తాయి.

పద్నాలుగు నెలల క్రితం నాకు హైదరాబాద్‌లో స్లీవ్ సర్జరీ అయ్యింది. బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్లలో ఇదొకటి. కడుపులో దాదాపు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఉండే సన్నని గొట్టం. మొదట్లో అందులో పట్టేది 100, 150 మిల్లీలీటర్లు. అంటే ఒక టీ గ్లాసుడు. పెళ్లి భోజనంలో గారెతో మొదలుపెట్టి పెరుగన్నం దాకా ఎక్కడా ఆగని మనిషికి టీ గ్లాసుడు జాగా మిగిలిందన్నమాట.

ఇంకో సంగతి కూడా ఉంది. తీసేసే భాగంలో, ముఖ్యంగా కడుపు పైభాగంలో, గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారవుతుంది. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. కడుపు ఖాళీగా ఉందని మెదడుకి కబురు పంపేవాటిలో ఇది పెద్దది. ఆ భాగమే పోతే కబురు కూడా తగ్గిపోతుంది కదా. అందుకే ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో చాలామందికి ఆకలే తెలియదు. నాకూ తెలియలేదు. గడియారం చూసుకుని, అలారం పెట్టుకుని తినేవాడిని. మా అమ్మ అయితే "వీడు సన్యాసి అయిపోయాడమ్మా" అని ఫోన్లో అందరికీ చెప్పేది.

పదో నెలలో ఆకలి తిరిగొచ్చింది.

ఇది మామూలే అని డాక్టరు గారు ముందే చెప్పారు. మొదటి ఏడాది చివరికొచ్చేసరికి చాలామందికి ఎంతో కొంత ఆకలి వెనక్కి వస్తుందట. ముందే తెలిసినా భయం భయమే. ఎందుకంటే ఈ ఆపరేషన్ అయ్యాక కూడా మళ్లీ బరువు పెరిగేవాళ్లు ఉన్నారు. షుగర్, మోకాళ్లు, రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోవడం, ఇవన్నీ మళ్లీ తలుపు తడతాయేమో అని భయం. అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. ఇప్పుడు ఆకలేస్తున్నది ఎవరికి? కడుపుకా, నాకా?

దీనికి మొదట ఒక మోటు పరీక్ష పెట్టుకున్నాను. ఆకలేసినప్పుడు నన్ను నేనే అడుగుతాను: "ఉప్పు తక్కువైన పెసరట్టు ఒక్కటి, చట్నీ లేకుండా ఇస్తే తింటావా?" తింటాను అంటే అది కడుపు ఆకలి, వెళ్లి తినాలి. "పెసరట్టు వద్దు, మిక్చరు ఉందా?" అనిపిస్తే అది వేరే. డైటీషియన్లు ఈ రెండోదాన్ని తల ఆకలి అంటారు. పరీక్ష చాలాసార్లు పనిచేస్తుంది, కానీ రాత్రి పదింటికి చెయ్యదు.

రాత్రి పదింటికి మా టీమ్ కాల్ అయిపోతుంది. ల్యాప్‌టాప్ మూసేస్తాను. అంతే, ఎక్కడినుంచో ఆకలి లేస్తుంది. ఏడింటికి పనీర్ తిన్నానని నాకు తెలుసు. ఇంకో ముద్ద అవసరం లేదని కూడా తెలుసు. అయినా ఆకలే. కొన్ని వారాలు గమనించాక అర్థమైంది. మా నాన్నగారు ఉన్నప్పుడు సరిగ్గా ఆ టైముకే ఫోన్ చేసేవారు. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. మొదటి మాట "తిన్నావా?" అనే. ఆయన పోయి నాలుగేళ్లు. ఫోన్ ఆగిపోయింది, దాని బదులు బిర్యానీ డెలివరీ మొదలైంది. ఇప్పుడు బిర్యానీ కూడా ఆగింది. ఆ టైము మాత్రం రోజూ వస్తోంది.

భగవద్గీత రెండో అధ్యాయంలో 59వ శ్లోకం ఉంది. స్థితప్రజ్ఞుడి గురించి చెప్పేచోట వస్తుంది. దాని భావం ఏంటంటే, ఆహారం మానేసినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ, వాటి మీది రసం, అంటే రుచి, లోపల అలాగే ఉండిపోతుంది. చిన్నప్పటినుంచి ఎన్నోసార్లు విన్న శ్లోకమే. అందులో నిరాహారుడు అనే మాట ఇంత అక్షరాలా నా గురించి అవుతుందని ఎవరనుకుంటారు? సర్జన్ కత్తి నాకు విషయాలను దూరం చేసింది. రసం జోలికి వెళ్లలేదు. వెళ్లలేదు కూడా, అది కడుపులో ఉండే వస్తువు కాదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన ఇరవై నలుగురు గురువుల గురించి చెబుతాడు. అందులో చేప ఒక గురువు. ఎర మీద రుచితో గాలానికి చిక్కుతుంది కాబట్టి. అక్కడ అవధూత ఇంకో మాట అంటాడు. తిండి మానేస్తే మిగతా ఇంద్రియాలు త్వరగా లొంగుతాయి, నాలుక ఒక్కటే ఇంకా బలపడుతుంది అని. ఇది చదివినప్పుడు నాకు భయం కాదు, ఊరట కలిగింది. ఆకలి తగ్గాక కూడా రాత్రిపూట ఫోన్లో వంటల వీడియోలు గంటసేపు చూడటం నాకొక్కడికే పట్టిన పిచ్చి కాదన్నమాట. అన్నం మానేసిన మనిషి లోపల ఏం జరుగుతుందో మన పెద్దలు చూసి, మొహమాటం లేకుండా రాసిపెట్టారు.

మరి ఆ రసం ఎలా పోతుంది? పరమాత్మ దర్శనంతో పోతుందని అదే శ్లోకం రెండో సగం చెబుతుంది. ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. రాత్రి పదింటికి నాకు పరమాత్మ దర్శనం అవ్వడం లేదండి. "ఆకలేస్తే జపం చెయ్యి" అని చాలామంది సలహా ఇచ్చారు. చేశాను. ఆకలి వచ్చి నా పక్కనే కూర్చుని తను కూడా మాల తిప్పింది. జపాన్ని ఆకలి మాత్రలాగా వాడటం జపానికీ మంచిది కాదని నా అభిప్రాయం. ఇప్పుడు చేస్తున్నది ఏంటంటే, పదింటికి అమ్మకి ఫోన్ చేసి, హలో అనకుండా "తిన్నావా అమ్మా?" అని అడుగుతున్నాను. ఆకలి పూర్తిగా పోలేదు. కానీ అది అడుగుతున్నది దేన్నో తెలిశాక దాంతో మాట్లాడటం తేలికైంది.

ఇక "షార్ట్‌కట్" అనే మాట దగ్గరికి వద్దాం. చుట్టాల్లో ఒకాయన నేరుగానే అన్నారు: "వారానికి రెండు ఉపవాసాలు చేస్తే తగ్గిపోయేదానికి కోత ఎందుకురా? మనసు గట్టిగా ఉండాలి గానీ." మీలో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయ్యుంటే ఈ మాట మీకూ తగిలే ఉంటుంది.

భీముణ్ణి గుర్తు చేసుకోండి. వృకోదరుడు ఆయన. నిర్జల ఏకాదశి కథలో ఆయన వ్యాసుల వారి దగ్గరికెళ్లి, అమ్మా, అన్నగారూ, తమ్ముళ్లూ, ద్రౌపదీ అందరూ ఏకాదశి ఉంటున్నారు, నన్నూ ఉండమంటున్నారు, నా కడుపులో వృకం అనే అగ్ని ఉంది, నా వల్ల కాదు అని మొరపెట్టుకుంటాడు. వ్యాసుల వారు ఏమన్నారు? నీకు మనసు గట్టిగా లేదు అనలేదు. ఏడాదిలో జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి ఒక్కటి నీళ్లు కూడా తాగకుండా ఉండు, అన్నిటి ఫలం వస్తుంది అని దారి చూపించారు. ఆ దారి తేలికైనదేం కాదు. కానీ ముందు ఒక విషయం ఒప్పుకున్నారు: ఒకే తల్లి కడుపున పుట్టినా ధర్మరాజు ఆకలి, భీముడి ఆకలి ఒకటి కాదు. హిడింబాసురుణ్ణి, బకాసురుణ్ణి చంపినవాడికి సంకల్ప బలం లేదని ఎవరైనా అనగలరా? ఆకలిని మనిషి గుణంగా లెక్కగట్టి మార్కులు వేయడం ఈ కథలో వ్యాసుల వారు చేయలేదు.

అలాగని ఆకలిని భరించడమే గొప్ప అనుకోవడమూ పొరపాటే. ఆపరేషన్ అయినవాళ్లలో ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే బరువు దిగుతుంటే తినకపోవడం మీద మోజు పుడుతుంది. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుతో పదిహేను రోజులు అన్నం మానేయమంటాడు, నీళ్లు మాత్రం తాగమంటాడు. పదహారో రోజు వేదం చెప్పమంటే ఆ పిల్లాడికి ఒక్క ముక్క గుర్తురాదు. పన్నెండేళ్లు చదివి వచ్చినవాడు! అప్పుడు తండ్రి అంటాడు, పెద్ద మంట ఆరిపోయి మిణుగురంత నిప్పు మిగిలితే అది దేన్నీ కాల్చలేదు, వెళ్లి అన్నం తిను అని. తిని వచ్చాక అన్నీ గుర్తొస్తాయి. మిణుగురంత నిప్పుకి గడ్డిపరకలు అందిస్తే మళ్లీ రాజుకుంటుంది అని పోలిక చెబుతాడు. మనసు అన్నమయం అని అక్కడ నేర్పుతాడు.

నాకు ఆ గడ్డిపరకల మాట బాగా పట్టింది. నా పని ఇప్పుడు అదే కదా. చిన్న పొయ్యి, చిన్న నిప్పు. రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అందాలి, అది ఒకేసారి లోపలికి పోదు. రెండు చెంచాల పప్పు, కాస్త పెరుగు, గంటన్నర తర్వాత ఒక ఉడకబెట్టిన గుడ్డు, గుడ్డు తిననివాళ్లకి పనీరో సోయానో. బాగా నమలాలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ మాత్రలు జీవితాంతం.

పాతకాలం వాళ్లు భోజనానికి ముందు ఔపోసన పట్టి, ప్రాణాపానాది ఐదు వాయువులకు ఐదు చిన్న మెతుకుల ఆహుతులు వేసుకునేవారు. మా తాతగారు చేసేవారు, మేం పిల్లలం పక్కన కూర్చుని ఎప్పుడవుతుందా అని చూసేవాళ్లం. హోమంలో నెయ్యి గిన్నె ఎవరూ ఒకేసారి బోర్లించరు, స్రువంతో కొంచెం కొంచెం వేస్తారు. ఆ ఐదు ఆహుతులకే నా భోజనంలో సగం అయిపోతుంది ఇప్పుడు. తొందర పడటానికి వీల్లేని భోజనం. కడుపులో వైశ్వానరుడిగా ఉండి అన్నం పచనం చేస్తున్నది తానే అని గీత పదిహేనో అధ్యాయంలో స్వామి చెప్పాడు. ఆకలిని శత్రువు అని పిలవడానికి నాకు అందుకే నోరు రాదు.

కంచంలో వదిలేయడం సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. అన్నం పరబ్రహ్మం అని పెంచారు మనల్ని. మెతుకు వదిలితే అన్నపూర్ణమ్మకి కోపం అన్నారు. మా పెద్దమ్మ ఇంటికి వెళ్తే నేను వద్దనేలోపే గరిటెడు ముద్దపప్పు పడుతుంది. తింటే కడుపు నొప్పి, వాంతి. వదిలితే పాపం, పైగా పెద్దమ్మ మొహం చిన్నబోతుంది. నాకు తోచిన పరిష్కారం ఇది: కంచం బదులు చిన్న గిన్నె అడుగుతాను, నేనే వడ్డించుకుంటాను, "నా వాటా బాక్సులో పెట్టు పెద్దమ్మా, రెండు రోజులు తింటా" అంటాను. ఆవిడకి అదీ సంతోషమే, బాక్సు పెద్దది తీస్తుంది. గుడిలో చక్కెర పొంగలి అయితే కళ్లకద్దుకుని వేలి కొసంత తీసుకుని, మిగతాది పక్కవాళ్లకి ఇస్తాను. బైపాస్ ఆపరేషన్ అయినవాళ్లు తీపి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెమటలు, గుండెదడ వచ్చేస్తాయి.

ఏకాదశి గురించి కూడా చెప్పి ఆపుతాను. నీళ్లు మానేసే ఉపవాసం నాకు వద్దని డాక్టరు గారు ఖచ్చితంగా చెప్పారు. చిన్న కడుపుతో ఒకేసారి నీళ్లు తాగి లోటు తీర్చుకోవడం కుదరదు, ఒంట్లో నీరు తగ్గిపోతే ఆసుపత్రే. మీరూ మీ డాక్టర్ని అడగకుండా ఏ ఉపవాసమూ పెట్టుకోకండి. అందుకని మొన్న ఏకాదశికి పాలు, పెరుగు టైము ప్రకారం తీసుకుని, ఫోన్లో వంటల వీడియోలు మాత్రం మానేశాను. పాలు తాగడం కంటే అదే కష్టమైంది. సాయంత్రం ఆరింటికి ఒకసారి, తొమ్మిదిన్నరకి ఒకసారి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్లింది. పదింటికి అమ్మ తనే ఫోన్ చేసింది.