తెల్లారాక మాట్లాడదాం

తాగినవాడి గురించి మనం రెండు మాటలంటాం. తాగితేగాని మనసులోది బయటికి రాదంటాం. తాగినోడి మాటకు విలువేముందనీ అంటాం. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే రాత్రి ఈ రెండూ అనేస్తాం. ఎవరి దగ్గర అప్పు తెచ్చాడో వాగితే అది నిజం. చచ్చిపోతానంటే మాత్రం అది మందు మాట. ఏది నమ్మాలో మన వీలును బట్టి తేల్చుకుంటాం. ఇరవై ఏళ్లుగా నన్ను తొలుస్తున్నది ఇదే.

మా మామది తమిళనాడులో కోవిల్‌పట్టి దగ్గర ఒక కరిసల్ పల్లె. నల్లరేగడిలో వానను నమ్ముకుని పత్తి వేసే నేల అది. తెలుగింట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఊరు ఇడైసేవల్ ఆ దాపునే. ఆ పల్లెల్లో మా వాళ్లందరికీ వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు. మామ మాత్రం పగలు ఇంట్లోనూ తమిళమే మాట్లాడేవాడు. తాగి వచ్చిన రాత్రి తెలుగు వచ్చేది, వాళ్లమ్మ మాట్లాడిన తెలుగు.

2003లో చిల్లర మద్యం అమ్మకాన్ని ప్రభుత్వమే టాస్మాక్ పేరుతో చేతిలోకి తీసుకున్న మరుసటి ఏడు. ఒక రాత్రి విరుదునగర్ నుంచి బయల్దేరాను. సాత్తూరులో బస్సు చెడిపోయి, వేరే బస్సు పట్టుకుని ఊరు చేరేసరికి పదకొండు దాటింది. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "అల్లుడా, నేను లేకుంటే వీళ్లంతా బాగుంటార్రా" అన్నాడు. ఏడవలేదు, అరవలేదు. కూలి లెక్క చెప్పినట్టు చెప్పాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. "పడుకో మామా, తెల్లారాక మాట్లాడదాం" అని లోపలికి వెళ్లి నడుం వాల్చాను.

నడిరాత్రి నీళ్లకు లేస్తే అత్త గడప మీద కూర్చుని ఉంది. అరుగు మీద మామ నిద్రపోతున్నాడు. ఆమె కొంగుకు పంపుసెట్టు గది తాళంచెవి ముడేసి ఉంది. పురుగుమందు డబ్బాలు ఆ గదిలోనే ఉంటాయి.

"నిజంగా చేస్తాడంటావా అత్తా?"

"నాకేం తెలుసు? తెలిసినాక తాళమేసి ఏం లాభం?"

తెల్లవారుజామున తీప్పెట్టి ఆపీసు బండి, అంటే ఆమె పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ బండి వస్తే, ముఖం కడుక్కుని అందులో ఎక్కి వెళ్లిపోయింది.

ఇచ్చిన మాట ప్రకారం పొద్దున నేను మామ దగ్గర కూర్చున్నాను. "నేనా? నేనట్లా అన్నానా?" అని తమిళంలో నవ్వాడు. బుకాయించడం కాదు, ఆయనకు నిజంగానే గుర్తులేదు. రాత్రి నేను మాటిచ్చిన మనిషి పొద్దున రాలేదు.

తర్వాత ఈ విషయం మీద పరిశోధనలు వెతికి చదివాను. నా తప్పేమీ లేదని ఎక్కడో ఒకచోట రాసి ఉంటుందని ఆశ. ఆత్మహత్యాయత్నానికి ముందటి గంటల్లో తాగడం మీద వచ్చిన అధ్యయనాలను గిలెర్మో బోర్హెస్ బృందం 2017లో కలిపి చూసింది. తాగినప్పుడు ప్రమాదం దాదాపు 7 రెట్లు, బాగా ఎక్కువ తాగినప్పుడు 37 రెట్లు అని తేలింది. అంకెలకంటే ఆ అధ్యయనాల్లో వాడే ఒక పద్ధతి నన్ను పట్టుకుంది. అందులో తాగేవాణ్ని తాగనివాడి పక్కన నిలబెట్టరు. ఆ మనిషినే, తాగిన ఆ గంటను అతనిదే మరో రోజు అదే గంటతో పోలుస్తారు. అప్పు అదే, ఎండిన చేను అదే, మనిషీ అతనే. అయినా ఆ గంటలో బాధకూ చేతికీ మధ్య ఉన్న అడ్డు కూలిపోతుంది. కాబట్టి "కష్టం ఉంది గనక తాగాడు, కష్టమే చంపింది" అనే మన ఓదార్పు సగమే నిజం. నేను తెల్లారేదాకా వాయిదా వేసింది సరిగ్గా ఆ గంటనే.

దేశంలో 2022లో 1,70,924 మంది, ఒక్క తమిళనాడులోనే 19,834 మంది ఆత్మహత్య చేసుకుని పోయారని నేర గణాంకాల బ్యూరో లెక్క. దేశం మొత్తం మీద ఆ మరణాల్లో మత్తు, మద్యం వ్యసనం గడిలో 6.8 శాతం పడ్డాయి, కుటుంబ సమస్యల గడిలో 31.7 శాతం. ఒక్కో చావును ఒక్క గడిలోనే వేయాలి. ఆ రాత్రి మా ఇంట్లో అనర్థం జరిగి ఉంటే గుమాస్తా దేన్లో రాసేవాడు? తాగుడు వల్లే గొడవ, గొడవ వల్లే తాగుడు. ఆ రెంటినీ విడదీసి చెప్పమంటే అత్తకూ చేతకాదు.

ఇదంతా తలచుకుని, తాగినవాడి మాటను ఎప్పుడూ నమ్మాలి, ఆ రాత్రే వినాలి అని ఒకసారి రాశాను. రాసింది కొట్టేశాను. వినేది ఎవరు? పొద్దంతా అగ్గిపుల్లలతో వేళ్లు అరగదీసుకుని వచ్చిన మనిషి, మళ్లీ తెల్లార్లూ గడప మీద కూర్చోవాలా? అలా నీతి చెప్పడం సులువు. దాన్ని మోసే భుజం నాది కాదు. పోనీ నమ్మనక్కర్లేదందామా? అప్పుడు తాళంచెవి మేకుకే వేలాడుతుంది. రెండు వైపులా నా వాదన ఆగిపోతోంది.

2022 అక్టోబరు నుంచి టెలి మానస్ ఉంది. 14416కు ఏ జామునైనా ఫోను చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. మామ తెలుగు వినే గొంతు ఒకటి ఆ వేళ మేలుకుని ఉండటం చిన్న సంగతి కాదు. కానీ గడప దగ్గర కూడా ఎవరో ఒకరు ఉండాలి.

మామ ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికి గుండెపోటుతో పోయాడు. అందుకే నన్నెవరూ వేలెత్తి చూపలేదు. ఇన్నేళ్లూ నేను, మామకు ఆ రాత్రి ఏం జవాబు చెప్పి ఉండాల్సిందా అనే వెతుక్కున్నాను. దొరకలేదు. ఇప్పుడనిపిస్తోంది, నేను చేయాల్సిన పని అరుగు మీద కాదు, గడప దగ్గర ఉండింది. నీళ్లు తాగి మళ్లీ పడుకోకుండా, "తాళంచెవి ఇలా ఇవ్వు అత్తా, నేను కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకో" అనాల్సింది.