చదరంగపు రాజు

ఉత్తరాధ్యయన సూత్రములో మూడవ అధ్యయనమునకు 'చతురంగీయము' అని పేరు. మనుష్య జన్మము, ధర్మశ్రవణము, శ్రద్ధ, సంయమమునందు పరాక్రమము అను నాలుగును దుర్లభములైన అంగములని అందు చెప్పబడినది. ఏనుగులు, గుర్రములు, రథములు, కాల్బలము గల సేనకును చతురంగమనియే పేరు. ఆ సేనతో ఆడునదే చదరంగము. రెండు చోట్లను అంగములను లెక్కించుచు, అవి ఎవని కొరకో వానిని మరచుట సులభము.

శ్రావక సోదరులారా! వర్తకులు సరకునకువలె ఆటగాండ్రు పావులకు వెల కట్టుదురు. బంటు ఒకటి, గుర్రము మూడు, శకటు మూడు, ఏనుగు అయిదు, మంత్రి తొమ్మిది. రాజునకు మాత్రము వెల లేదు. మంత్రి పోయినను ఆట సాగును. రాజు చిక్కినచో ఎంత బలగమున్నను ఆట ముగిసినట్లే. ఇంతటివాడు నడచునది ఒక్క గడి. శత్రువు కాచియున్న గడిలో అడుగిడరాదు. చెక్ వచ్చినపుడు రేపు చూతమనుటకు వీలులేదు. తప్పుకొనవలెను, అడ్డు వేయవలెను, లేదా శత్రువును కొట్టవలెను. కషాయములు చుట్టుముట్టిన జీవుని స్థితియు నిట్టిదే.

రాజును కాచుటకు కోట కట్టుదురు. రాజు రెండు గడులు జరుగగా ఏనుగు అతనిని దాటి ప్రక్కన నిలుచును. కాని ఆ ఇద్దరిలో ఎవరును అదివరకు కదలియుండరాదు. చెక్‌లో నున్నపుడు కోట కట్టరాదు. వ్రతము రేపు పట్టుదమనువారు ఈ నియమమును గమనింతురు గాక.

అసలు ప్రమాదము కోటలోనే. ముందు మూడు బంట్లు, చూచుటకు భద్రము. ప్రక్కనున్న ఏనుగు పనిమీద వెళ్లిన వేళ ఎదుటి ఏనుగు వెనుక వరుసకు వచ్చెనా, తన బంట్లే గోడయై రాజునకు అడుగు తీయ చోటుండదు.

ఇంతకంటె ఘోరమైన ఎత్తు, 1497లో స్పెయిను దేశమున లుసేనా ప్రకటించిన చదరంగ గ్రంథములోనే కలదు. మూలనున్న రాజు ప్రక్క గడిలోనికి ఎదుటివాడు తన మంత్రినే త్రోసి చెక్ చెప్పును. మంత్రికి గుర్రము కాపు గనుక రాజు కొట్టలేడు. అతని ఏనుగే కొట్టవలెను. తొమ్మిది వెలగల పావు చేజిక్కినది! అయితే ఆ ఏనుగు వచ్చి నిలిచినది రాజునకు మిగిలిన ఒక్క ఖాళీ గడిలో. వెంటనే గుర్రము చెక్ చెప్పును. గుర్రమునకు అడ్డు వేయుట ఎవరి తరము? చుట్టును తనవారే నిలిచియుండగా ఆటకట్టు. ఆ లాభము వలదని విడుచుటకు కూడ అప్పటికి అతనికి స్వతంత్రము లేదు.

నేర్పరియైన ఆటగాడు, ఏ తొందరయు లేని వేళనే, కోటలోని బంటు నొకదానిని ఒక్క గడి జరిపి రాజునకు కిటికీ తెరచి యుంచును. ఒక ఎత్తు వృథా యైనదని చూపరులు నవ్వుదురు. శ్రావకుని పరిగ్రహపరిమాణ వ్రతము ఆ ఎత్తే: కొట్టు నిండియున్న నాడే, ఇంతకు మించినది నాది కాదని గీత గీయుట.

ఆట చివర మంత్రులు, ఏనుగులు పోయి పలక ఖాళీ యగును. అంతవరకు మూల దాగిన రాజు అప్పుడు నడిమి గడులకు బయలుదేరును. నడక మారలేదు, అదే ఒక్క గడి. మిగిలిన ఒంటరి బంటును వెంటబెట్టుకొని చివరి వరుస దాక నడిపించువాడు అతడే.