రాయితీ: దయా? న్యాయమా?

ప్రభుత్వం చిన్న వ్యాపారికి పన్ను తగ్గించినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. "మా జీతంలో ముందే కోసుకుంటారు, అంగడివాళ్లకు మాత్రం మినహాయింపా?" అని ఉద్యోగస్థుడు అడుగుతాడు. "ఇచ్చేది సర్కారు, తీసుకుంటే తప్పేమిటి?" అని వ్యాపారి అంటాడు. ఇద్దరూ రాయితీని దానంగానే చూస్తున్నారు. అది నిజంగా దానమేనా?

ముందు సంగతులు చూద్దాం. 2019 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంలో సరుకులమ్మే వ్యాపారికి ఏడాది అమ్మకం 40 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జి.ఎస్.టి. నమోదు అక్కరలేదు. కోటిన్నర లోపువారు కాంపోజిషన్ పద్ధతి ఎంచుకుంటే అమ్మకంపై నూటికి ఒక రూపాయి కడితే చాలు. తోపుడుబండ్లవారికి 2020 జూన్‌లో స్వనిధి పథకం వచ్చింది. హామీ లేకుండా అప్పు ఇచ్చి, సకాలంలో తీర్చినవారికి 7 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు.

ఇవి ఎందుకు? పెద్ద కంపెనీకి లెక్కలు చూడడానికి ఆడిటర్లుంటారు. మన పుత్తూరు, నగరి ప్రాంతంలో నాలుగు మరమగ్గాలు పెట్టుకున్న ఇంట్లో నూలు తెచ్చేదీ, మగ్గం నడిపేదీ, లెక్క రాసేదీ ఒక్కరే. ఇద్దరి నెత్తిన ఒకే బరువు పెడితే అది సమానంగా కనిపిస్తుందే గాని న్యాయం కాదు. పంపకంలో న్యాయమంటే తలకింత అని కాదు, ఎవరికి తగినంత వారికి అని అరిస్టాటిల్ బోధించాడు. పునీత తోమాసు అక్వినాసు కూడా ఆ బాటనే నడిచారు. పన్ను పేరిట ప్రజల ఆస్తిని మితిమీరి లాగుకోవడం అన్యాయమని 13వ లెయో జగద్గురువులు 1891లో తమ విశ్వలేఖలో హెచ్చరించారు. కనుక రాయితీ భిక్ష కాదు. దాన్ని తల దించుకుని తీసుకోనక్కరలేదు.

అయితే న్యాయంగా వచ్చేదాన్ని అబద్ధంతో తీసుకోకూడదు. ఒకే అంగడిని తండ్రి పేర సగం, కొడుకు పేర సగం చూపించి 40 లక్షల లోపే ఉన్నామనడం అబద్ధం. కాంపోజిషన్‌లో ఉన్నవారు కొనుగోలుదారుని దగ్గర పన్ను వసూలు చేయకూడదు. అయినా బిల్లులో వేయడం దొంగతనం. "సర్కారు సొమ్మే కదా" అంటారు. సర్కారుకు సొంత సొమ్ము ఎక్కడిది? కూలికి వెళ్లే తల్లి కొన్న సబ్బులోనూ పన్ను ఉంది. పన్ను ఎగవేతను సత్యోపదేశ గ్రంథం ఏడవ ఆజ్ఞ కిందనే, అంటే దొంగతనం కిందనే చేర్చింది.

"అందరూ అలాగే చేస్తుంటే, నిజం రాసిన నేను అంగడి మూసుకోవాలా?" అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయలేము. కాని అది అడుగుతున్నది ఎవరో గమనించండి: నిజాయితీగా వ్యాపారం చేసేవాడు. తప్పుడు లెక్క రాసేవాడు ప్రభుత్వానికన్నా ముందు ఎదురంగడి పొరుగువాణ్ణే దెబ్బ తీస్తున్నాడు.

ఇంకొక మాట. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో రాజు పెద్ద అప్పు మాఫీ చేస్తే, ఆ సేవకుడు బయటికి వచ్చి చిన్న బాకీ కోసం తోటివాని గొంతు పట్టుకున్నాడు. 2020లో కరోనా సమయాన రిజర్వు బ్యాంకు మార్చి నుంచి ఆగస్టు వరకు ఆరు నెలలు అప్పుల వాయిదాలు నిలిపివేసే వీలు కల్పించింది. అలా గడువు పొందిన యజమాని తన దగ్గర అడ్వాన్సు తీసుకున్న మగ్గం కార్మికునికి గడువిచ్చాడా? 2025 సెప్టెంబరు 22న సబ్బులపై, టూత్‌పేస్టుపై పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు కొనేవారిది. అది వారి చేతికి అందిందా?

రాయితీ న్యాయమైతే అది మన దగ్గర ఆగిపోకూడదు, మనకన్నా చిన్నవారికి చేరాలి. ఈ ఆదివారం పూజ అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కల పుస్తకం ఒకసారి తెరవండి. మనకు రావలసినవి చూసుకున్నాక, మనం ఇవ్వవలసినవారి పేర్లు కూడా చదవండి.