మా స్కిట్‌లో డాన్సు మాస్టారు

ఉగాదికి స్కిట్ రాసే పని పన్నెండేళ్ళుగా నాదే. బాగా రాస్తానని కాదు, అడిగితే కాదనలేనని. ఫిబ్రవరి వచ్చేసరికి మా తెలుగు సంఘం నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, ఈసారి కూడా నువ్వే. ఇరవై నిమిషాలు చాలు. ఫ్యామిలీ ఎంటర్‌టైనర్ అయితే బాగుంటుంది." ఆ మాటకి మా ఊళ్ళో అర్థం స్థిరపడిపోయింది: ఒక పెళ్ళిచూపులు, ఒక మతిమరుపు తాతయ్య, ఇండియా నుంచి దిగిన అత్తగారు, వీసా ఇంటర్వ్యూ మీద రెండు జోకులు. రెండేళ్ళ క్రితం వీటికి తోడు ఒక డాన్సు మాస్టార్ని పెట్టాను. సంగీత్‌కి స్టెప్పులు నేర్పడానికి వస్తాడు. మణికట్టు వంచి మాట్లాడతాడు, నడుం తిప్పుకుంటూ నడుస్తాడు, పెళ్ళికొడుకు బాబాయి భుజం మీద చెయ్యేస్తాడు. బాబాయి ఎగిరి గంతేస్తాడు. జనం నవ్వుతారు. ఆ పాత్రకి నేను పేరు కూడా పెట్టలేదు.

రిహార్సల్స్ మా బేస్‌మెంట్‌లో. మాస్టారి వేషం పదిహేనేళ్ళ కుర్రాడికిచ్చాం. ఇక్కడే పుట్టాడు, తెలుగు చదవలేడు, డైలాగులు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతాడు. యాస మాత్రం వాళ్ళమ్మది, అచ్చం గుంటూరు. రెండో శనివారం సీను మధ్యలో ఆగి, కాగితం మడిచి అడిగాడు: "అంకుల్, ఈయన గేనా?"

అందరూ మాట్లాడడం ఆపేస్తే ఫర్నేస్ అంత చప్పుడు చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

"అదేం లేదురా, ఊరికే కామెడీ" అన్నాను.

"గే కాకపోతే బాబాయి ఎందుకు భయపడతాడు?"

వాడు వెటకారంగా అడగలేదు. వేషం వేసేవాడికి తాను ఎవరో తెలియాలి కదా, అందుకడిగాడు. రాసినవాణ్ణి నేను. నాకే తెలీదు.

కల్పిత పాత్రలు ఎవర్ని ప్రేమిస్తాయన్న తగువు నేను అమెరికా వచ్చిన కొత్తల్లోనే చూశాను. 1999 ఫిబ్రవరిలో జెర్రీ ఫాల్వెల్ అనే మతబోధకుడి పత్రికలో టెలిటబ్బీస్ మీద తల్లిదండ్రులకి ఒక హెచ్చరిక అచ్చయింది. అందులో టింకీ వింకీ అనే బొమ్మ ఊదారంగులో ఉంటుంది, నెత్తి మీద త్రికోణం ఉంటుంది, చేత సంచి పడుతుంది, కాబట్టి గే అని. ఇంకా మాటలు కూడా సరిగ్గా రాని పసిపిల్లల కోసం బీబీసీలో వచ్చిన కార్యక్రమం అది. మేం అప్పుడు నలుగురు తెలుగు కుర్రాళ్ళం రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. వార్త చదివి పడీపడీ నవ్వుకున్నాం. సంచి పట్టుకోవడమే ఆనవాలైతే మా ఊళ్ళో కూరగాయలకెళ్ళే మగాళ్ళ గతేమిటని ఒకడు.

ఆ తర్వాతో, అంతకు ముందో గుర్తులేదు, ఒక వారాంతం మాల్‌లో నడుస్తుంటే మాకంటే ముందొచ్చిన మిత్రుడు తన భుజం మీంచి నా చెయ్యి నెమ్మదిగా తీసేశాడు. "ఇక్కడ ఇలా నడవకూడదురా" అన్నాడు. ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. బెజవాడ బీసెంట్ రోడ్డు మీద ఇద్దరు మగాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిస్తే ఎవరూ తల తిప్పి చూడరు. అవే చేతులు, సముద్రం దాటగానే పేరు మారిపోయింది. ఆ సాయంత్రం నుంచి నా చేతులు జేబుల్లోనే ఉన్నాయి. టింకీ వింకీ సంచి మీద జోకు మళ్ళీ వెయ్యలేదు.

పిల్లల బొమ్మల కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో బర్ట్, ఎర్నీ అని ఇద్దరున్నారు. 1969 నుంచీ ఒకే ఇల్లు, ఒకే పడగ్గది, పక్కపక్కనే మంచాలు. ఒకడిది చాదస్తం, ఇంకొకడిది అల్లరి. అమీర్‌పేటలో బ్యాచిలర్ రూము చూసినవాడికి వాళ్ళ గురించి ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. ఇక్కడివాళ్ళు మాత్రం వాళ్ళు గేనా కాదా అని ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 2018 సెప్టెంబర్‌లో, ఒకప్పుడు ఆ కార్యక్రమానికి రాసిన మార్క్ సాల్ట్‌జ్‌మన్, వాళ్ళకి మాటలు రాస్తున్నప్పుడు తానూ తన భాగస్వామీ మనసులో మెదిలేవాళ్ళమని ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. నిర్మాణ సంస్థ హడావుడిగా ప్రకటన ఇచ్చింది: వాళ్ళు మంచి మిత్రులు మాత్రమే, బొమ్మలకి అలాంటివి ఉండవు అని. బర్ట్‌ని మొదట ఆడించిన ఫ్రాంక్ ఆజ్ కూడా కాదన్నాడు. బొమ్మలకి అలాంటివి ఉండవన్న చోట జనానికి నవ్వొచ్చింది. వాళ్ళ చుట్టమే అయిన కెర్మిట్ కప్ప వెంట మిస్ పిగ్గీ పడ్డన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు కదా.

హ్యారీ పోటర్ రచయిత్రి రౌలింగ్‌ది ఇంకో రకం. ఏడో పుస్తకం కూడా వచ్చేశాక, 2007 అక్టోబర్‌లో, న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాఠకుల ప్రశ్నకి జవాబిస్తూ డంబుల్‌డోర్ గే అనే తాను మొదట్నుంచీ అనుకున్నానని చెప్పింది. ఏడు పుస్తకాల్లో ఎక్కడా ఆ మాట లేదు. ఆమెకి తెలుసు, రాయలేదు. సాల్ట్‌జ్‌మన్ రాశాడు, సంస్థ ఒప్పుకోలేదు. ఫాల్వెల్‌గారి పత్రిక రాయకుండా, ఆడించకుండానే సంచి చూసి తేల్చేసింది. ఈ ముగ్గురి ముందు నా కేసు మరీ నాసిరకం. నేను రాశాను, కానీ రాసేటప్పుడు నా మనసులో మనిషి లేడు. ఒక మణికట్టు ఉంది, అంతే.

2022 జూన్‌లో లైట్‌ఇయర్ విడుదలైనప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఒక పొడుగాటి సందేశం తిరిగింది. ఆ బొమ్మల సినిమాలో హాథార్న్ అనే ఆడ వ్యోమగామికి భార్య ఉంటుంది, ఇద్దరూ ఒక్క క్షణం ముద్దు పెట్టుకుంటారు. మొదట ఆ ముద్దు తీసేశారు, తర్వాత పిక్సార్ ఉద్యోగులే గొడవ చేస్తే తిరిగి పెట్టారు. యుఎఇ లాంటి కొన్ని దేశాలు ఆ సినిమానే రానివ్వలేదు. మా గ్రూపులో సందేశం సారాంశం ఇది: పిల్లల్ని తీసుకెళ్ళకండి, మన సంస్కృతిలో ఇలాంటివి లేవు, మన ఇళ్ళలో ఈ టాపిక్కే రాదు. కింద వరసగా బొటనవేళ్ళు. అందులో ఒకటి నాది. చూశాక పెట్టిన వేలు కూడా కాదు, నేనా సినిమా చూడనే లేదు.

మన ఇళ్ళలో ఆ టాపిక్ రాదా?

మా గుడి కింది అంతస్తులో ఆదివారం తెలుగు బడి నడుస్తుంది. ఒకసారి టీచరమ్మ "ఆవుకీ గేదెకీ తేడా ఏమిటి?" అని అడిగింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆవిడ మళ్ళీ అడిగింది, మళ్ళీ నవ్వు. గేదె అంటే ఏమిటో తెలియని పిల్లలకి 'తేడా'కి ఉన్న రెండో అర్థం మాత్రం శుభ్రంగా తెలుసు. "వాడు తేడారా." ఎవరు నేర్పారు? వాళ్ళు అమెరికన్ కార్టూన్లో విన్న మాట కాదది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని, మనతోపాటు సోఫాలో కూర్చుని చూసిన సినిమాల్లో విన్నారు. హీరో పక్కనున్న కమెడియన్ మీదకి ఎవడో వయ్యారంగా వస్తాడు, కమెడియన్ "బాబోయ్, తేడా కేసు" అంటాడు, మనం నవ్వుతాం. మా పిల్లలకి వచ్చిన రెండొందల తెలుగు మాటల్లో అదొకటి. టాపిక్ రావడమే కాదు, వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది.

అసలు చిక్కు మాటలతోనే ఉంది. మా అమ్మాయి పదేళ్ళప్పుడు క్లాసులో ఒక పిల్లకి ఇద్దరమ్మలని చెప్పింది. విని మా అమ్మ, అప్పుడు ఇక్కడే ఉంది, "అయ్యో, వాళ్ళ నాన్న రెండో పెళ్ళి చేసుకున్నాడా?" అంది. తెలుగులో ఇద్దరమ్మలంటే ఆవిడకి తోచే అర్థం అదే, తప్పు లేదు. ఇద్దరు పెళ్ళాల మధ్య నలిగే మొగుడి కథలు మనకి ఎప్పట్నుంచో పిల్లాపాపలతో చూసే సినిమాలే. అసలు సంగతి మా అమ్మకి తెలుగులో చెప్పాలంటే నాకు మాట దొరకలేదు. పేపర్లు రాసేది 'స్వలింగ సంపర్కులు'. ఆ 'సంపర్కం' పెరుగన్నం తింటున్న పిల్ల ముందు ఎలా పలకను? వీధిలో దొరికేది 'తేడా'. ఈ రెండింటికీ మధ్య, అమ్మ ముందూ బిడ్డ ముందూ ఒకేలా అనగలిగే మాట నా దగ్గర లేదు. చివరికి మా అమ్మాయితో ఇంగ్లీషులో మాట్లాడాను, మా అమ్మతో మాట మార్చాను. ఇంట్లో తెలుగే మాట్లాడాలని గోడ మీద రాసి పెట్టుకున్న ఇల్లు మాది.

ఇలాంటప్పుడు "మన పురాణాల్లో లేనిదేముంది" అంటూ బృహన్నలనీ శిఖండినీ పిలుచుకొస్తారు. నాకా వాదం మీద గురి తక్కువ. బృహన్నలది ఒక ఏడాది శాపం, శిఖండిది ఆడపుట్టుక పుట్టి మగవాడైన కథ. అవి ఎవరు ఎవర్ని ప్రేమిస్తారన్న కథలు కావు. నన్ను ఆపేది వేరే. శిఖండి కథలో పెళ్ళవుతుంది, గుట్టు బయటపడుతుంది, మామ యుద్ధానికి బయల్దేరతాడు, అడవిలో యక్షుడు తన మగతనం అరువిస్తాడు. అంత కథ ఉన్న మనిషిని తెలుగువాళ్ళం ఏం చేసుకున్నాం? "శిఖండిలా అడ్డుపడ్డాడు" అని తిట్టు చేసుకున్నాం. 1963లో నర్తనశాలలో ఎన్టీఆర్ బృహన్నలగా జడ వేసుకుని వచ్చినప్పుడు ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశాయి. ఇప్పుడు బృహన్నల అన్నది రాజకీయ నాయకులు ఒకర్నొకరు తిట్టుకునే మాట. 2018 ఆగస్టు చివర్లో ఆ నర్తనశాల పేరు పెట్టుకునే ఇంకో సినిమా వచ్చింది. అందులో హీరో పెళ్ళి తప్పించుకోడానికి తాను గే అని అబద్ధమాడతాడు, హాస్యమంతా దాని చుట్టూనే. సరిగ్గా వారానికి, సెప్టెంబర్ 6న, భారత సుప్రీంకోర్టు 377వ సెక్షన్ విషయంలో పెద్దల మధ్య పరస్పర సమ్మతితో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదంది. ఇంకో రెండు వారాలకి ఇక్కడ బర్ట్, ఎర్నీల గొడవ. మూడింట్లో ఏది మా డైనింగ్ టేబుల్ దాకా వచ్చిందో చెప్పాలంటే, సినిమా ఒక్కటే.

తల్లిదండ్రుల బెంగని నేను కొట్టిపారెయ్యను. మేరీలాండ్‌లో మాంట్‌గొమరీ కౌంటీ బడుల్లో ఇలాంటి కథల పుస్తకాలు చదివిస్తుంటే, ముందుగా చెప్పండి, మా పిల్లల్ని పక్కకెళ్ళి కూర్చోనివ్వండి అని వేర్వేరు మతాల తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు 6-3 తేడాతో వాళ్ళ వైపు నిలిచింది. (చూశారా, లెక్కల్లో వాడితే ఈ మాటకి ఎవరూ నవ్వరు.) బడి ఏం చదివిస్తోందో ముందు తెలియాలనడం నాకు న్యాయంగానే తోచింది. కానీ నా స్కిట్‌కి ముందస్తు నోటీసు ఎవరిచ్చారు? హాల్లో ఆరొందల మంది, అందులో సగం పిల్లలు. పక్కకెళ్ళి కూర్చోడానికి వాళ్ళకి ఏ కోర్టూ వీలివ్వలేదు.

పిల్లలు వీటిని ఎలా తీసుకుంటారన్నది కూడా నేను తప్పుగానే ఊహించాను. 2019 మే నెలలో ఆర్థర్ అనే పిల్లల కార్టూన్లో మాస్టారు రాట్‌బర్న్, ఆయన ఒక ఎలుక, చాక్లెట్లు చేసే ప్యాట్రిక్‌ని పెళ్ళి చేసుకున్నాడు. అలబామా పబ్లిక్ టెలివిజన్ ఆ భాగాన్ని వెయ్యనే లేదు. మా అమ్మాయి చూస్తుంటే నేను వంటింట్లోంచి చెవులు రిక్కించి, అడిగితే ఏం చెప్పాలో మనసులో వల్లెవేసుకుంటున్నాను. పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, మాస్టారు పెళ్ళిలో డాన్సు చేశాడు! చూడలేకపోయాం!" కార్టూన్లోని పిల్లల గోల కూడా అదే. మాస్టార్లు డాన్సు చెయ్యకూడదని.

మళ్ళీ మా డాన్సు మాస్టారి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి స్కిట్ తీసి మణికట్టు కొట్టేశాను, నడుం కొట్టేశాను, బాబాయి గంతు కొట్టేశాను. చూస్తే పాత్రే మిగల్లేదు. నాలుగు పేజీల్లో ఆయన చేత ఒక్క పనికొచ్చే మాట అనిపించలేదు నేను. మర్నాడు కుర్రాణ్ణే అడిగాను, ఈయనకి ఏం కావాలంటావురా అని. కాసేపు ఆలోచించాడు. "తాళం, అంకుల్. ఇంటిల్లిపాదీ తాళం తప్పుతున్నారు. ఆయనకి పిచ్చెక్కుతోంది." అంతే, సీను దొరికింది. పేరు కూడా పెట్టాం, శేషు మాస్టారని. ఊరు కూచిపూడి. వేషానికి పనికొస్తుందని వాడికి వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామగా చేసిన పాత వీడియో చూపించాను. కళ్ళార్పకుండా చూశాడు. "ఈయన మణికట్టు కూడా వంగుతోంది అంకుల్" అన్నాడు. తర్వాత అద్దం ముందు నిలబడి గంటసేపు అదే సాధన చేశాడు.

ఉగాది నాడు ఆ సీనుకి నవ్వులు తగ్గాయి. ఒప్పుకోవాలి. "పంచ్ పడలేదన్నా" అన్నాడు మా కార్యదర్శి. రెండు చోట్ల మాత్రం, తాతయ్య తాళం తప్పి మాస్టారు నుదురు కొట్టుకున్నప్పుడు, హాలంతా ఘొల్లుమంది.

భోజనాల దగ్గర ఎవరి అమ్మమ్మో, తెనాలి నుంచి వచ్చారట, వీల్‌చైర్లో కూర్చుని మా కుర్రాణ్ణి పిలిపించుకున్నారు. ముఖానికి ఇంకా రంగు ఉంది. గడ్డం పట్టుకుని బాగా చేశావు నాయనా అన్నారు. తర్వాత ఆవిడకి అసలు సందేహం వచ్చింది. "పెళ్ళికూతురికి పెళ్ళయింది, దాని చెల్లెలికి సంబంధం కుదిరింది, ఆఖరికి ఆ బాబాయికి కూడా జత చూశారు. మరి ఆ మాస్టారికి ఎవరూ లేరా?"

వాడు నావైపు చూశాడు. నేను పులిహోరలో పల్లీలు ఏరుకుంటున్నాను.

"ఉన్నారు అమ్మమ్మగారూ" అన్నాడు, గుంటూరు యాసలో. "అంకుల్ రాయలేదంతే."