తెలియనివాళ్ళ ఎంపిక కూడా స్వేచ్ఛేనా?

9వ తరగతి విద్యార్థిని, బ్రూక్‌ఫీల్డ్, బెంగళూరు

ఒక వస్తువు గురించి మనకు ఏమీ తెలియదు. అందులో వందల రకాలు ఉన్నాయి, నీకు నచ్చింది తీసుకో అన్నారు. అలా తీసుకోవడాన్ని స్వేచ్ఛ అనవచ్చా, లేక అది చీటీ తీయడం లాంటిదా? ఈ ప్రశ్న నాకు కంప్యూటర్ వల్ల వచ్చింది కానీ, ఆలోచిస్తే ఇది కంప్యూటర్‌కి మాత్రమే చెందింది కాదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా ఇచ్చే సపోర్టు ముగిసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలో పనిచేయదు. మా ఇంట్లో ఉన్నది సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. కొత్తది కొనే స్తోమత లేనివాళ్ళకు ఒక దారి లైనక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. నిజానికి లైనక్స్ అంటే కెర్నల్ మాత్రమే, అంటే బండికి ఇంజిన్ లాంటిది. దానికి చక్రాలు, సీట్లు, హ్యాండిల్ అన్నీ బిగించి వాడుకునేలా చేసి ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. 1993లో డెబియన్ మొదలైంది. దాని ఆధారంగా 2004లో ఉబుంటు, ఉబుంటు ఆధారంగా 2006లో లైనక్స్ మింట్ వచ్చాయి. ఇంకా ఫెడోరా, ఆర్చ్ అంటూ పేర్లు చాలానే ఉన్నాయి.

బ్రూక్‌ఫీల్డ్‌లో సలహాకు కరువు లేదు. ఐటీపీఎల్ దగ్గరే కాబట్టి పక్కింట్లో, ఎదురు పీజీలో అందరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే. అందులో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. ఒక అన్న ఉబుంటు వేసుకో అన్నాడు. ఒక అక్క మింట్ అంది. ఇంకో అన్నయితే ఆర్చ్ వేస్తేనే నిజంగా నేర్చుకున్నట్టు అన్నాడు. మా నాన్న ఎలక్ట్రీషియన్. ఆయన ఒకటే మాట అన్నారు: "నలుగురితో పాటు నారాయణ. పాడైతే అడగడానికి ఒక మనిషి ఉండాలమ్మా."

ఇక్కడ రెండు వాదాలు ఉన్నాయి. ఎవరి ఎంపిక వాళ్ళే చేసుకోవాలన్నది మొదటిది. వినడానికి బాగుంటుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్ళకు స్క్రీన్ మీద రంగులు తప్ప ఇంకేం తెలుస్తుంది? రంగు చూసి ఎంచుకోవడం సొంత ఆలోచన కాదు. తెలిసినవాళ్ళు చెప్పింది చేయాలన్నది రెండోది. మరి తెలిసినవాళ్ళే తలా ఒకటి చెబితే? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళు చెబుతారు. ఆర్చ్ చెప్పిన అన్నకు పాడైనదాన్ని బాగుచేయడం సరదా. నాకేమో రేపటికి ప్రాజెక్టు టైప్ చేయాలి.

అందుకని "ఏది మంచిది?" అని అడగడం మానేసి ఇలా అడిగాను: "మాది 4 జీబీ ర్యామ్. నెట్ నాన్న ఫోన్ హాట్‌స్పాట్. తెలుగు టైప్ చేయాలి. చిక్కు వస్తే మీరు వచ్చి చూడగలగాలి. దీనికి ఏది సరిపోతుంది?" ఈసారి ఆర్చ్ అన్న కూడా మింటో, ఉబుంటులో తేలికపాటి రకమో చాలన్నాడు. అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. తెలివిని ఇతరుల దగ్గర అప్పు తెచ్చుకోవచ్చు, అవసరాన్ని మాత్రం ఎవరిది వాళ్ళే తెలుసుకోవాలి. నా అవసరం నేను చెప్పగలిగితే, సలహా ఇంకొకరిదైనా ఎంపిక నాదే.

ఇంకో మంచి సంగతి ఉంది. లైనక్స్‌ని పెన్‌డ్రైవ్‌లోంచి నడిపి చూడవచ్చు. ఇన్‌స్టాల్ నొక్కేదాకా కంప్యూటర్‌లో ఉన్నది చెరిగిపోదు. మేము మింట్‌ని అలాగే పెట్టి వైఫై, సౌండ్, తెలుగు కీబోర్డు చూసుకుని తర్వాత వేశాం.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో జీఎన్‌యూ ప్రాజెక్టును ప్రకటించారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాళ్ళు చెప్పే స్వేచ్ఛలు నాలుగు: ఎలాగైనా వాడుకోవడం, ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవడం, ఇతరులకు పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. గమనించండి, వీటిలో వంద రకాల్లో ఒకటి ఎంచుకోవడం అన్నది లేదు! అంటే స్వేచ్ఛ ఎంచుకున్న రోజుతో అయిపోదు, అసలు అప్పుడే మొదలవుతుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు లైనక్స్ వాడుతున్నారు. దాన్ని ఎంచుకున్నది వాళ్ళు కాదు, ప్రభుత్వం. అయినా దాన్ని ఇంటికి కాపీ చేసుకుపోవచ్చు, విప్పి చూడవచ్చు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాలంటీర్లు ఆపరేటింగ్ సిస్టమ్‌ని తెలుగులోకి తెచ్చారంటే, ఆ తలుపుకు తాళం లేదు కాబట్టే.

కోడ్ చదవడం రానివాళ్ళకు ఆ స్వేచ్ఛ ఎందుకని కొందరు అడుగుతారు. అక్షరాలు రాకముందే ఇంట్లో పుస్తకాలు ఉంటే నష్టం ఏమిటి? నేను కాకపోతే మా తమ్ముడు చదువుతాడు. అలాగని అందరూ లైనక్స్‌కే మారాలని నేను అనను. మా వీధి హోల్‌సేల్ అంగడి ఆయనకు టాలీ కావాలి, అది విండోస్ కోసం చేసింది. ఆయన అవసరం వేరు, ఆయన ఎంపిక కూడా సరైనదే.

తెలుగు మీడియం కూడా నేను ఎంచుకోలేదు. ఇంగ్లిషు, కన్నడ బోర్డుల మధ్య ఉన్న ఈ ఊళ్ళో మా అమ్మ ఎంచుకుంది, నా నోట్సు తను చదివి చెప్పగలదని. ఆ ఎంపిక నాది ఎప్పుడవుతుంది? దానితో నేను ఏదైనా చేసినప్పుడు, ఈ వ్యాసం రాసినట్టు. కానీ చదువును పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాలుగు రోజులు చూసి తీసేయలేం. పదో తరగతి తర్వాత తీసుకునే గ్రూపూ అంతే. అందుకే తోటి విద్యార్థులకు నా మనవి: తిరిగి మార్చుకోగలిగినదాన్ని భయపడకుండా తొందరగా ఎంచుకోండి. మార్చుకోవడం కష్టమైనదాన్ని నలుగురిని అడిగి నిదానంగా ఎంచుకోండి. రెండింటిలోనూ ముందు మీకేం కావాలో మీరు చెప్పండి, ఆ తర్వాతే ఏది మంచిదని అడగండి.