సమాధి ఋణము

మృతులయెడల జీవించియున్నవారికి ఋణము కలదా? కలదన్నచో అది ఎంతకాలము నిలుచును? కుమారుడు తండ్రి సమాధిని కాపాడుట లోకసహజము. మనుమడు తాత సమాధిని గుర్తెరిగియుండుటయు అరుదు కాదు. నాలుగు తరములు గడచి, వంశము నలుదిక్కులకు చెదరి, రాతిమీది అక్షరములు వానకు అరిగిన పిమ్మట, ఆ మట్టిక్రింద నున్నవానిని "మావాడు" అని చెప్పుకొనువారు ఒక్కరును మిగులరు. అట్టి సమాధిని ఎవరు చూడవలెను? చూడకున్నచో దోషమెవరిది?

శవమును దహింపక భూస్థాపన చేయు వీరశైవులకు ఈ ప్రశ్న మిక్కిలి సమీపమైనది. లింగైక్యమందిన భక్తుని ఆసీనునిగా నుంచి, ఇష్టలింగమును ఎడబాపక, విభూతి బిల్వపత్రములతో సమాధి చేయుట పూర్వాచారము. అయినను బసవేశ్వరుని బోధ రాతికట్టడమును గొప్ప చేయలేదు. జీవించి సంచరించు మానవునియందు శివుని చూడుమనుటయే ఆ బోధకు సారము. కావున విచారశీలుడగు భక్తుడు ఇట్లడుగవచ్చును: "అంగము లింగమునందు ఐక్యమైన పిదప మిగిలినది మట్టియే కదా! ఆ మట్టిపై నిలిపిన రాతికి కాపుదల యెందులకు? అది స్థావరముపై మమకారము కాదా?"

ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము వెదకుటకు సముద్రముల కావలనున్న ఒక శ్మశానవాటిక చరిత్ర మిక్కిలి తోడ్పడును.

అమెరికా దేశమున ఆరెగన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ నగరములో "లోన్ ఫర్" అను శ్మశానవాటిక కలదు. ఒంటరి ఫర్ వృక్షమని ఆ పేరునకు అర్థము. 1846లో జేమ్స్ స్టీఫెన్స్ అను వలస రైతు తన తండ్రి ఎమ్మర్ స్టీఫెన్స్‌ను సొంత పొలములోనే పాతిపెట్టెను. 1854లో ఆ భూమిని కోల్బర్న్ బారెల్ అనువానికి అమ్మునపుడు, తండ్రి సమాధిని చెడనీయక చూడవలెనని మాట తీసికొనెను. ఆ సంవత్సరమే "గజెల్" అను పొగనావ ప్రేలిపోగా బారెల్ వ్యాపారమున పాలివాడైన క్రాఫర్డ్ డాబిన్స్ మరణించెను. బారెల్ అతనిని ఆ మొదటి సమాధి చెంతనే పాతించెను. 1855లో ఆ చోటు శ్మశానవాటికగా ఏర్పడి మిత్రుని పేరున "మౌంట్ క్రాఫర్డ్" అనిపించుకొనెను. 1866లో నేటి పేరు వచ్చినది. ఇప్పుడది సుమారు 30 ఎకరముల స్థలము. 25,000 మందికి పైగా అచట నిద్రించుచున్నారు.

ఆలోచింపగా ఆ వాటికకు పునాది రాయి కాదు, మాట. కొనినవానికి ఆ వృద్ధుడు తండ్రి కాడు, బంధువు కాడు. అయినను భూమితోపాటు భూమిలోని మృతుని బాధ్యతయు తనకు సంక్రమించినదని అతడు అంగీకరించెను. ఒక చోటిని అనుభవించువాడు ఆ చోట మునుపున్నవారికి ఋణపడును అను ధర్మము ఆ ఒడంబడికలో కలదు.

అయితే ఆ ధర్మము అందరి సమాధులకును సమముగా నడచెనా? నడువలేదు. బండ్లపై ఖండమును దాటివచ్చిన తొలి వలస కుటుంబములకు పాలరాతి ఫలకములు లేచినవి. నగరమున పేరుపొందినవారికి స్తంభములు నిలిచినవి. అచటనే డాక్టర్ హాథార్న్ అను వైద్యుడు నడిపిన చికిత్సాలయమున మరణించిన మతిస్తిమితము లేని రోగులును ఉన్నారు. దిక్కులేని అట్టివారిని పెక్కుమందిని ఆ వైద్యుడు తన ఖర్చుతో పాతించెను. 1881లో మరణించిన ఆ వైద్యుని సమాధియు అచటనే యున్నది. ఆయన పేరు నగరమున ఒక రాజవీథికి నిలిచినది. ఆయన పాతించినవారికి చాలమందికి రాయియైనను లేదు. ఆ వాటికయందు సుమారు 10,000 మంది ఎవరెవరో తెలియరాకున్నారని అంచనా.

అంతకంటె కఠినమైనది నైరృతి మూలనున్న 14వ భాగపు కథ. చీనా దేశమునుండి వచ్చిన కూలీలను అచట పాతిపెట్టెడివారు. రైలుమార్గములు వేసినది, చేపల కర్మాగారములలో పని చేసినది, బట్టలుతికినది, కూరగాయలు పండించినది వారు. 1882 నాటి చట్టము చీనా శ్రామికులు ఆ దేశమునకు వచ్చుటను నిషేధించెను. 1943 వరకు ఆ నిషేధము తొలగలేదు. కొన్ని సంవత్సరములకు అస్థికలను త్రవ్వి, శుభ్రపరచి, స్వగ్రామమునకు పంపుకొనుట ఆ జనుల ఆచారము. ఆ ఏర్పాటు ముఖ్యముగా పురుషులకొరకు జరిగెడిది. స్త్రీల, శిశువుల అస్థికలు తరచుగా పరాయి మట్టిలోనే మిగిలిపోయెడివి. 1948లో ప్రభుత్వమువారు ఆ మూలనుండి కొన్ని అస్థికలను తీయించి, అచట ఇక ఎవరును లేరని తలచి, తరువాతి దశకములో కార్యాలయ భవనము కట్టించిరి. మిగిలిన చోట వాహనములు నిలిపిరి. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఆ స్థలమును అమ్మదలచి పరీక్షింపగా మానవాస్థికలు ఇంకను కానవచ్చెను. 2007లో ఆ భవనమును కూల్చివేసిరి. 2019లో పౌరులు ఓటు వేసి ఆమోదించిన ఉద్యానవనముల నిధిలో అచట స్మారకవనము నిర్మించుటకు ధనము కేటాయింపబడినది.

నాటి దాఖలా పుస్తకములలో ఆ మృతులలో పెక్కుమందికి పేరు లేదు. "చీనావాడు" అను జాతివాచకము మాత్రమే వ్రాయబడినది. ఇచట శరణుల సంప్రదాయమును తలపునకు తెచ్చుకొనుట అవసరము. మడివాళ మాచయ్య బట్టలుతికినవాడు. మేదర కేతయ్య వెదురుబుట్టలు అల్లినవాడు. నులియ చందయ్య త్రాళ్ళు పేనినవాడు. అంబిగర చౌడయ్య పడవ నడిపినవాడు. వీరి పేర్లయందు కాయకము వ్యక్తిని మ్రింగివేయలేదు, వ్యక్తికి అలంకారమైనది. ఎనిమిది వందల సంవత్సరములు గడచినను ఆ చాకలి, ఆ మేదరి, ఆ పడవవాడు పేరు పేరున స్మరింపబడుచున్నారు. పోర్ట్‌లాండ్‌లో బట్టలుతికినవానికి నూరేండ్లైనను గడువకమునుపే పేరు పోయినది, పేరుతోపాటు మట్టియు పోయినది. మరణమున సమానులైనవారిని జీవించినవారి లేఖిని అసమానులను చేసినది.

మరియొక విషయము కలదు. తొలివారని ఆ దేశీయులు గౌరవించు వలసజనులు నిజమునకు తొలివారు కారు. విల్లమెట్, కొలంబియా నదీతీరములందు చినూక్ మొదలగు జాతులవారు వేల సంవత్సరములుగా నివసించుచుండిరి. 1830లో మొదలైన విషజ్వరము కొన్ని సంవత్సరములలోనే వారిలో అత్యధికులను తుడిచివేసెను. వారు తమ మృతులను పడవలలో పరుండబెట్టి ఎత్తైన చోట నుంచెడివారు. ఆ కొయ్య శిథిలమైనది; రాతిఫలకము మొదలే లేదు. రాయి లేకున్నంతమాత్రమున వారి ఋణము లేకపోవునా? రాతిని బట్టియే స్మరణము చేయువాడు ఈ ప్రశ్నకు బదులు చెప్పలేడు.

ఇప్పుడు మొదటి ఆక్షేపణకు రావలెను. రాతిని పూజించుట ఒక దోషము. రాతిని పెరికి మనుష్యుని మరపించుట అంతకంటె పెద్ద దోషము. స్థావరముపై మమకారమును ఖండించిన బోధ మనుష్యుని అలక్ష్యము చేయుమని చెప్పలేదు. లింగైక్యుడైన భక్తునకు రాతితో పనిలేదను మాట సత్యము. పనియున్నది జీవించినవారికి. రాతిపై పేరు చెరిగిపోయినచో "ఈ ఊరు మేమే కట్టితిమి" అని బలవంతుడు చెప్పుకొనుటకు అడ్డుండదు. ఆ పేరు నిలిచినచో ఊరు కట్టినవారెవరో సాక్ష్యముండును. కావున సమాధిసంరక్షణము మృతునికి చేయు ఉపకారముకంటె సత్యమునకు చేయు సేవ యనుట యుక్తము.

సత్యసేవ యైనపుడు దానికి నియమములుండవలెను. లోకమున ఈ పనియందు అనుభవము గలవారు మొదట ఏ రాతిని కదలింపరు. ప్రతి సమాధి ఉన్నచోటును పటముపై గుర్తించి, అంకె వేసి, ఛాయాచిత్రము తీయుదురు. రాయి చోటు మారినచో దానిక్రింద నున్నవాని గుర్తింపు పోవును. అరిగిన అక్షరములను ఉదయ సాయంకాలముల ఏటవాలు వెలుగులో చదువుదురు. ఉన్నది ఉన్నట్లు, పంక్తి పంక్తిగా వ్రాసికొందురు. కనబడని అక్షరమునకు ఖాళీ విడుతురు, ఊహించి పూరింపరు. పాలరాతిని ఆమ్లముతోను ఇనుప కుంచెతోను తోమరు. నీటితోను మెత్తని కుంచెతోను మెల్లగా కడుగుదురు. పాత రాతికి సిమెంటు అదికిన యెడల రాతికంటె సిమెంటే గట్టిదై రాయి పగులును. కావున సున్నము వాడుదురు. తళతళలాడునట్లు చేయవలెనను ఆత్రుతయే అనేక సమాధులను పాడుచేసినది. సేవ చేయువాడు తన చేతిపని కనబడవలెనని కోరరాదు అను నీతి ఈ నియమములన్నిటియందును కలదు.

మరియొక శంక: "ఆకలిగొన్నవాడు వాకిట నిలిచియుండగా సమాధులకు ధనమేల? అది దాసోహధర్మమునకు విరుద్ధము కాదా?" ఈ శంక న్యాయమైనది. అన్నమునకును స్మారకమునకును పోటీ వచ్చినచో అన్నమే ముందు. పాలరాతి మండపములు కట్టుట అవసరమని ఎవరును చెప్పజాలరు. అయితే ఒక పుస్తకమున పేర్లు వ్రాసి ఉంచుటకు అన్నసత్రము మూయనక్కరలేదు. పైగా ఒక విషయము గమనింపదగినది. 14వ భాగమున మృతుల నెత్తిపై భవనము కట్టిన సమాజమే వారి తోటి కూలీలను జీవించియుండగా చట్టము చేసి వెలివేసినది. రెండు అవమానములును ఒక్క బుద్ధినుండి పుట్టినవి. జీవించియున్న కూలివానిని గౌరవింపక అతని సమాధిని గౌరవించుట బూటకము. ఆ గౌరవము నిజమైనచో సమాధి ఒక్కటే దానికి వెలిగా నుండనేరదు.

ఈ విచారము పరదేశమునకే పరిమితమైనది కాదు. మఠములలో గురువుల గద్దెలకు నిత్యము పూజ జరుగుచున్నది, అది ఉచితమే. ఊరివెలుపలి రుద్రభూమిలో సామాన్య భక్తుల సమాధులు చాలచోట్ల కంపల పాలగుచున్నవి. నేత నేసినవాడు, గానుగ ఆడించినవాడు, పొలము దున్నినవాడు, జంగమునకు భిక్ష పెట్టిన గృహిణి అచట నున్నారు. వారి కాయకమువలననే మఠము నిలిచినది, దాసోహము నడచినది. గద్దెకు దీపము పెట్టు సమాజము రుద్రభూమికి దారియైనను లేకుండ చేసికొనుట బసవేశ్వరుని సమతాబోధకు తగిన నడవడి యగునా?

చేయవలసినది కష్టసాధ్యము కాదు. ప్రతి మఠమును, ప్రతి గ్రామసంఘమును తమ రుద్రభూమికి ఒక పటము, ఒక పుస్తకము ఏర్పరచుకొనవచ్చును. అందు మృతుని పేరు, గ్రామము, కాయకము, లింగైక్యమైన సంవత్సరము వ్రాయవలెను. స్త్రీని "ఫలానావారి భార్య" అని కాక ఆమె పేరుతో వ్రాయవలెను, శిశువులను విడువరాదు. వృద్ధుల జ్ఞాపకము ఉన్నప్పుడే అడిగి తెలిసికొనవలెను, ఏలయన వారితోపాటే ఆ పుటలు మూతపడును. తెలియనిచోట "తెలియదు" అని వ్రాయుటకు సిగ్గుపడరాదు. ఏటికి ఒక దినము కంప కొట్టి దారి తీర్చుట యువకులకు తగిన కాయకము.

వంశము అంతరించినచో ఋణము అంతరించునా అని మొదట అడుగబడినది. రక్తసంబంధముచేత వచ్చిన ఋణము అంతరింపవచ్చును. ఇతరుల కాయకఫలమును అనుభవించుటచేత వచ్చిన ఋణము అనుభవించువారు ఉన్నంతకాలము ఉండును. తండ్రి సమాధిని పరునికి అప్పగించిన ఆ రైతు ఆ ధర్మమునే నమ్మెను. కొనినవాడు దానిని నిలిపెను. పేరున్న సమాధికి ఆ మాట చెల్లినది. పేరు లేని సమాధికిని దానిని చెల్లించుట శరణమార్గమున నడచువారి విధి.